తెల్లగా తెరుచుకున్న పేజీ

తిరుపతి
జూన్ 11

ప్రసన్నా,

నీకు వినికిడి పోయిన దగ్గర్నుంచీ మనం ఫోన్లు మానేసి, పాతకాలం ఉత్తరాల్లాగా ఈ మెయిళ్లు రాసుకుంటున్నాం. ఎప్పుడూ తీరిగ్గా కూర్చుని రాసేదాన్ని. ఇవాళ వేళ్లు మాట వినడం లేదు. తప్పులుంటే సర్దుకుని చదువు.

మా పరాశర్ తప్పిపోయాడు.

నెల్లూరులో పెళ్లికి వెళ్లి వస్తూ రైలు మారడానికి గూడూరులో దిగాం. నాయన నీళ్లు పట్టుకోవడానికి వెళ్లారు. తెగిపోయిన సంచి పట్టీ ముడి వేసుకుంటూ నేను తల దించాను. తలెత్తేసరికి తమ్ముడు లేడు. వాడు ఏ తొందరా లేకుండా నడుచుకుంటూ స్టేషన్ గేటు దాటడం కెమెరాలో కనిపించింది. ఆ తర్వాత ఏ కెమెరాలోనూ లేడు. వారం దాటిపోయింది.

వాడి సంగతి నీకు తెలుసు. ఇరవై దాటినా ఒక్క మాట రాదు. పేరడిగితే చెప్పలేడు, ఊరడిగితే చెప్పలేడు. అమ్మ పోయాక వాణ్ని వదిలి నేను ఒక్క పూట ఉన్నది లేదు.

పోలీసు కంప్లయింటు ఇచ్చాం. గూడూరంతా పోస్టర్లు అంటించాం. మొదట ఫొటో మీద నంబరు రాసి వాట్సాప్‌లో పంపితే, ఎవరో నా నంబరు కత్తిరించి ఇంకెవరిదో పెట్టి తిప్పారు. అందుకని నా సొంత వెబ్‌సైటును, వాడితో మా రోజుల గురించి రాసుకుంటానే అదే సైటును, వాడి ప్రకటనకు ఇచ్చేశాను. మొదటి పేజీ తెరవగానే వాడే కనిపిస్తాడు. ఆ లింకు ఒక్కటే అందరికీ పంపాను. గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. వేలమంది తెరిచారని చూపిస్తోంది.

ఒక్క ఫోనూ రాలేదు ప్రసన్నా. నువ్వు వెబ్‌సైట్లు చేసే పనిలోనే ఉన్నావు. ఎక్కడ ఏం తప్పు జరిగిందో చూసి చెప్పు. నాయన తిండి మానేసి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

పద్మాక్షి


చిత్తూరు
జూన్ 12

పద్మా,

మెయిలు చదివి లేచి నిలబడ్డాను. ఏం చెయ్యాలో తోచక మళ్లీ కూర్చున్నాను. ఓదార్పు మాటలు తర్వాత రాస్తాను. ముందు పని సంగతి.

నీ లింకు నా కంప్యూటర్లో తెరిస్తే పేజీ ముచ్చటగా ఉంది. అదే లింకును మా నాయన ఫోనుకు పంపాను. పూతలపట్టు నుంచి నిన్ననే వచ్చాడు. ఆయన ఫోను ఎంత పాతదో నీకు తెలుసు. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి నాకు చూపించాడు. ఆయన పెదాలు చదవడం నాకు అలవాటే.

“తెల్ల కాయితం మాదిరి ఉండాది గదమ్మా. దీంట్లో పిల్లోడు యాడుండాడు?”

 మా వీధిలో కుప్పుస్వామి అని ఫోన్లు రిపేరు చేసే ఆయన ఉన్నాడు. సంగతి చెప్పి, షాపులో ఉన్న పాత ఫోన్లన్నీ అడిగి, బల్ల మీద పరిచి ఒక్కోదాంట్లో తెరిచాను. కొన్నిట్లో ఒట్టి తెలుపే. ఒకదాంట్లో ఫొటో కిందికి దిగి నీ నంబరును కప్పేసింది. ఇంకోదాంట్లో ఒత్తులు, దీర్ఘాలు అక్షరాల నుంచి ఊడి పక్కకు జారిపోయాయి, పరాశర్ పేరు నేనే కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, నీ పేజీలో మాటలు పేజీలో లేవు. పేజీ తెరుచుకున్నాక ఒక ప్రోగ్రాము వచ్చి వాటిని రాస్తుంది. కొత్త బ్రౌజర్లకు ఆ ప్రోగ్రాము అర్థమవుతుంది. పాతవాటికి అర్థం కాదు. అర్థం కాని మొదటి ముక్క దగ్గరే అవి ఆగిపోతాయి. తెరిచినవాళ్లకు ఏమీ కనిపించదు, నీ లెక్కలో మాత్రం వాళ్లు చూసినట్టే.

వెళ్లిపోయిన లింకుల్ని మనం వెనక్కి పిలవలేం. అవి ఎవరెవరి ఫోన్లలోనో ఉన్నాయి. అవి తెరుచుకునే చోటు మాత్రం మన చేతిలో ఉంది. పాస్‌వర్డులు పంపు. మొత్తం పీకేసి, ఎంత పాత ఫోనైనా చదివేలా కడతాను.

ఇంకొకటి. వాడికి మాటలు రావని ఆ పేజీలో ఎక్కడా లేదు. మర్చిపోయావా?

ప్రసన్నకుమారి


తిరుపతి
జూన్ 13

ప్రసన్నా,

పాస్‌వర్డులు కింద ఇచ్చాను.

మొత్తం పీకేస్తానన్నావు. ఆ పేజీలో రంగు రంగుల గుండ్రాలు కదులుతుంటాయే, అవి ఏ రంగులో ఉండాలో వాడే వేలు పెట్టి చూపించాడు. నేను తెరిచినప్పుడల్లా పక్కన కూర్చుని వాటినే చూసేవాడు. సరే, తీసెయ్. ఇప్పుడు వాడు దొరకడమే ముఖ్యం.

మాటలు రావన్న సంగతి నేను మర్చిపోలేదు. మొదట రాశాను. నాయన చదివి తీసెయ్యమన్నారు. నీకు కోపం రావచ్చు, కానీ ఆయన మాట కూడా విను. నాయన గుడిలో పారాయణం చేసే మనిషి, గట్టిగా మాట్లాడరు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని అన్నారు.

“వాడు అరవలేడని లోకానికంతా మనమే చెప్పినట్లు అయితుంది గదా తల్లీ. మంచోళ్లే చదువుతారని ఏముండాది?”

 రోజూ ఎలాంటి వార్తలు చదువుతున్నామో నీకు తెలియదా? వాడేం చేసినా ఎవరికీ చెప్పుకోలేడని రాసి, పక్కన ఫొటో కూడా పెట్టాలా? ఆ మాట మాత్రం పెట్టకు. మిగతాదంతా నీ ఇష్టం.

పద్మాక్షి


చిత్తూరు
జూన్ 17

పద్మా,

పేజీ కట్టడం అయిపోయింది. నీకు నచ్చదు. రంగులు లేవు, కదిలేవి లేవు. పైన పెద్ద అక్షరాల్లో వాడి పేరు, పోలీసు కేసు నంబరు, వాటి కింద నీ నంబరు, వేలితో నొక్కితే ఫోను కలుస్తుంది. తర్వాత చిన్న ఫొటో. డేటా మిగలాలని కొన్ని బ్రౌజర్లు ఫొటోలు చూపించవు, అందుకని వాడు ఎలా ఉంటాడో మాటల్లో కూడా రాశాను. ఎడమ కనుబొమ మీద గాటు, నీలం గళ్ల చొక్కా, మడమలు ఎత్తి నడిచే నడక. గూడూరు నుంచి అరవ దేశం ఎంతో దూరం లేదు కాబట్టి అదే సంగతి అరవంలోనూ పెట్టాను. మా అమ్మ దేవకమ్మది గుడియాత్తం వైపు కదా, వాక్యాలన్నీ ఆమే చెప్పింది. కుప్పుస్వామి బల్ల మీదున్న ప్రతి ఫోనులో తెరిచి చూశాను. ఇప్పుడు అన్నిట్లోనూ చదవొచ్చు.

నువ్వు వద్దన్న మాట పెట్టలేదు. అది నీ పేజీ, వాడు నీ తమ్ముడు. కానీ ఇది చదువు.

పోయిన ఏడాది చిత్తూరు బస్టాండులో ఒకడు వెనకనుంచి నన్ను పిలిచాడట. నాకు వినబడలేదు. మళ్లీ పిలిచాడట. చివరికి వచ్చి భుజం పట్టి ఇటు తిప్పి, నా ముఖంలో ముఖం పెట్టి అరిచాడు. నేను కింద పడేసుకున్న చున్నీ ఇవ్వడానికే పిలిచాడు పద్మా. మంచివాడే. జవాబు రాకపోయేసరికి నాకు పొగరనుకున్నాడు. నాకు వినబడదని తెలిశాక తల దించుకుని వెళ్లిపోయాడు.

పరాశర్‌ను ఎవరో పేరడుగుతారు. వాడు పలకడు. రెండోసారి గట్టిగా అడుగుతారు. మూడోసారి ఏమవుతుందో నీకూ నాకూ తెలుసు. చెడ్డవాడికి వాడు అరవలేడని కనిపెట్టడం ఎంతసేపు? తెలియాల్సింది మంచివాళ్లకే.

నాయనగారికి చూపించకపోయినా సరే, నువ్వు మాత్రం ఇంకోసారి ఆలోచించు.

ప్రసన్న


తిరుపతి
జూన్ 26

ప్రసన్నా,

నీ మెయిలుకు జవాబు రాయనందుకు కోపం తెచ్చుకోకు. కోపం వచ్చింది నాకే. బస్టాండు కథ చెప్పి నా నోరు మూయించావనుకున్నాను. వారం రోజులు నీ పేరు తలచుకోవడం ఇష్టం లేకపోయింది.

మొన్న గూడూరు నుంచి పోలీసులు పిలిచారు. పట్టాల పక్కన ఒక శవం దొరికింది, మీ వాడి వయసే, వచ్చి చూడమన్నారు. బస్సులో నాయన, నేను పక్కపక్కనే కూర్చున్నాం.  ఏర్పేడు దాటాక ఆయన, “నువ్వు బయట ఉండమ్మా, నేను జూస్తాను,” అన్నారు. సరేనన్నాను కానీ, ఆసుపత్రిలో ఆయన కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. నేనే లోపలికి వెళ్లాను. వాళ్లు గుడ్డ తీశారు.

వాడు కాదు. ఎవరో బిడ్డ. కనుబొమ మీద గాటు లేదు. బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాను. నాయన గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. వాడు కాదని సంతోషించాను ప్రసన్నా. ఇంకో తల్లి కొడుకు అక్కడ పడుకుని ఉంటే సంతోషించాను. దాన్నెక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

అక్కడ ఒక కానిస్టేబుల్ మాటల్లో చెప్పాడు. ఈ కుర్రవాణ్ని అంతకుముందు రోజు కొందరు పలకరించారట. ఏదో అడిగితే జవాబు చెప్పలేదని తాగినవాడనుకుని తరిమేశారట. నాయన ఆ మాట విన్నారు.

ఇంటికి వచ్చాక స్నానం చేసి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “రాయమ్మా, నేను జెప్తాను,” అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టే పంపుతున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టు. “మా పరాశర్‌కు మాటలు రావు. ఏమడిగినా పలకడు, అది పొగరు కాదు. గట్టిగా అరిస్తే చెవులు మూసుకుంటాడు. ఎవరికీ హాని చెయ్యడు. గుండ్రంగా ఉన్న వస్తువులు ఏవి ఇచ్చినా చిన్నవి ఒక వైపు, పెద్దవి ఒక వైపు పెడుతూ కూర్చుంటాడు.”

పద్మాక్షి


చిత్తూరు
జూలై 5

పద్మా,

నాయనగారి మాటలు అదే రోజు పెట్టాను. అరవంలోకి మారుస్తూ మా అమ్మ ఏడ్చింది.

ఇప్పుడు నేను దాచిపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. చదివాక నన్ను తిట్టు, కానీ ముందు చివరిదాకా చదువు.

సైటును ఏ ఫోను నుంచి, ఏ బ్రౌజర్లో తెరిచారో వెనక లెక్కలో పడుతుంది. మనిషి పేరు పడదు, ఊరు కూడా కచ్చితంగా తెలియదు. నువ్వు పాస్‌వర్డులు ఇచ్చిన రోజే అది తెరిచి చూశాను. తెల్ల పేజీ చూసినవాళ్లంతా ఒకసారి వచ్చి పోయారు. ఒక్క ఫోను మాత్రం మళ్లీ మళ్లీ వచ్చింది. చాలా పాత బ్రౌజరు. తమిళనాడు వైపు నెట్‌వర్కు. నువ్వు లింకు పంపిన మొదటి వారం నుంచే రోజూ పొద్దున వచ్చి తెరిచేది. తెల్లగా వచ్చేది. మూసేది. మరుసటి రోజు మళ్లీ.

ఊరికే చూసేవాళ్లు అలా పదే పదే రారు. ఎవరికో ఏదో తెలుసు. నేను పేజీ బాగుచేసేలోపే ఆ ఫోను రావడం ఆగిపోయింది. విసిగిపోయారో, ఇంకేం జరిగిందో. ఈ మాట నీకు ఎలా చెప్పను? తలుపు తట్టి తట్టి వెళ్లిపోయారని చెబితే నువ్వేమైపోతావోనని భయపడ్డాను.

ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, నిన్న పొద్దున ఆ ఫోను మళ్లీ వచ్చింది. ఈసారి పేజీ మొత్తం తెరుచుకుంది. తెలుగు పేజీనే. చాలాసేపు ఉంది. కానీ నీ నంబరు మీద నొక్కలేదు.

నిన్న నీకు ఎక్కడినుంచైనా ఫోను వచ్చిందా? వెంటనే రాయి.

ప్రసన్న


తిరుపతి
జూలై 5

రాలేదు. ఏ ఫోనూ రాలేదు.

నాకేం తెలియాలో, ఏం తెలియకూడదో నువ్వెవరు చెప్పడానికి? తమిళనాడు వైపని ఆ రోజే తెలిసి ఉంటే అటు వెళ్లి వెతికేవాళ్లం. మేం గూడూరు సందుల్లోనే తిరుగుతూ ఉండిపోయాం. నాయన వద్దన్న మాట నేను తీసేస్తే అంత పెద్ద పాఠం చెప్పావు, అప్పటికే నువ్వు దీన్ని దాచిపెట్టుకుని ఉన్నావు.

చదివినవాళ్లు ఎందుకు ఫోను చెయ్యలేదు? నీ పేజీలో ఇంకేం పాడైందో చూడు.

పద్మాక్షి


చిత్తూరు
జూలై 7

పద్మా,

నువ్వన్నది నిజమే. ఆ రోజే చెప్పాల్సింది.

అదే రకం ఫోను కోసం కుప్పుస్వామి రెండు ఊళ్లలో వాకబు చేసి తెప్పించాడు. అదే బ్రౌజరు. పేజీ తెరుచుకుంది. నంబరు నొక్కితే ఫోను కలిసింది. తప్పు బ్రౌజర్లో లేదు. అలాంటప్పుడు ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. పేజీని అలాగే తెరిచి మా నాయన చేతికిచ్చి, నువ్వైతే ఏం చేస్తావని అడిగాను. ఆయన పైనుంచి కిందికి చదివి, పోలీసు కేసు నంబరు మీద వేలు పెట్టాడు.

“దీన్ని ఇంత పెద్దగా పెట్టినారే. ఇది సూస్తే నేను గూడా ఫోను చెయ్యనమ్మా. కూడు పెట్టినోడే దొంగయిపోతాడు.”

నీ పాత పేజీలో ఉన్నట్టే, నమ్మకం కలగాలని దాన్ని నేనూ పైనే పెట్టాను. ఇప్పుడు అడుగుకు మార్చేశాను. దాని స్థానంలో ఇలా రాశాను: “మా పిల్లవాణ్ని మీ దగ్గర ఉంచుకుని ఉంటే మీకు దండం. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. మాట్లాడకపోయినా సరే, ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వండి.” కింద నాయనగారి పేరు, సుదర్శనం అని పెట్టాను.

ఇది ఆయన ఇస్తున్న మాట. వాణ్ని వాళ్లు ఎలా ఉంచారో తెలియకుండానే ఇస్తున్న మాట. ఆయన ఒప్పుకోకపోతే చెప్పు, వెంటనే తీసేస్తాను.

ప్రసన్న


తిరుపతి
జూలై 16

ప్రసన్నా,

పరాశర్ పక్క గదిలో నిద్రపోతున్నాడు. ముందు ఆ మాట రాస్తే తప్ప మిగతాది రాయలేను.

నీ మెయిలు నాయనకు చదివి వినిపించాను.  “నా పేరు పక్కన మన వీధి పేరు గూడా పెట్టమను,” అన్నారు. ఆ మాట నీకు రాసేలోపే, మరుసటి పొద్దున, మిస్‌డ్ కాల్ వచ్చింది.

తిరిగి చేశాను. ఎత్తారు కానీ మాట లేదు. గాలి చప్పుడు, ఎక్కడో లారీ వెనక్కి వస్తున్న చప్పుడు. నేను ఏడవకూడదని పెదవి కొరుక్కుని, అమ్మా, అయ్యా, ఎవరైనా సరే, వాడు బాగున్నాడా అని మాత్రం అడిగాను. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు పలికింది.

“బాగుండాడు. అన్నం తిన్నాడు. మమ్మల్ని ఏమీ అనరు గదా?”

తమిళనాడులో ఊత్తుకోట దగ్గర ఒక నిమ్మకాయల మండీ. ఆమె పేరు చంద్రకాంతమ్మ, అక్కడ కాయలు ఏరే పని చేస్తుంది. మన వైపు మనిషే. గూడూరు మార్కెట్లో నిలబడి ఉన్న లారీలోకి వాడు ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదట. మండీలో టార్పాలిన్ తీస్తే బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడట. మా లింకు లారీ డ్రైవరు ద్వారా ఆమె ఫోనుకు చేరింది. పైన “తప్పిపోయాడు” అన్న ఒక్క మాట కనిపించేదట, లోపల మాత్రం ఎప్పుడు తెరిచినా తెలుపే. తర్వాత ఆ ఫోనే పాడై చాలా రోజులు మూలన పడింది. బాగుచేయించి తెరిస్తే ఒక పొద్దున అక్షరాలు వచ్చాయి. నాయన చెప్పిన మాటలు చదివి వీడే అనుకుంది. పైనున్న పోలీసు కేసు నంబరు చూసి మూసేసింది. పిల్లవాడి చేత పని చేయించుకున్నారని మండీ మొత్తాన్ని స్టేషనుకు ఈడుస్తారని భయం. మిస్‌డ్ కాల్ చాలన్న మాట చూశాక కూడా ఎంతో ఆలోచించుకుని చేసిందట.

అద్దె కారు మాట్లాడుకుని మేం వెళ్లేసరికి వాడు రేకుల షెడ్డు కింద, గోనె పట్టా మీద, ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ముందు నిమ్మకాయల గుట్ట. చేతులు ఆగకుండా నడుస్తున్నాయి. ఎవరిదో వదులు చొక్కా, తలకు నూనె. నల్లబడ్డాడు కానీ చిక్కిపోలేదు. నేను పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

వాడు నా ముఖం చూశాడు. గుర్తుపట్టాడు, నాకు తెలుసు. చూసి, చెయ్యి మెల్లిగా విడిపించుకుని ఇంకో కాయ తీసుకున్నాడు.

ఇన్ని రోజులూ ఏమేమో ఊహించుకుని భయపడ్డాను. ఇది మాత్రం నేను ఊహించలేదు. మళ్లీ పట్టుకుంటే భుజాలు బిగించి గుట్టకు దగ్గరగా జరిగాడు. చంద్రకాంతమ్మ కంగారుపడిపోయింది. “మేము కొట్టలేదమ్మా, తిట్టలేదు, పని చెయ్యమని గూడా చెప్పలేదు. వాడే కూసున్నాడు,” అని నాకూ నాయనకూ మార్చి మార్చి చెబుతోంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు దూరంగా వచ్చి నిలబడ్డారు. వాణ్ని లాక్కుపోతే చెవులు మూసుకుని కింద పడిపోతాడు, అది చూసి వీళ్లేమనుకుంటారో. వాడి చెయ్యి వదిలేశాను.

నాయన ఆమెకు రెండు చేతులూ జోడించి, తెల్ల పంచె సర్దుకుని ఆ పట్టా మీదే వాడి ఎదురుగా కూర్చున్నారు. ఒక కాయ తీసి చిన్నవాటిలో వేశారు. వాడు దాన్ని తీసి పెద్దవాటిలో పెట్టాడు. నాయన ఇంకోటి వేశారు. అదీ తప్పే. వాడు దాన్నీ తీసి, ఈసారి నాయన ముఖంలోకి చూసి, ఆయన చెయ్యి పట్టుకుని సరైన కుప్ప మీద పెట్టించాడు. నాయనకు కళ్లు కనబడటం లేదు, నీళ్లు కారిపోతున్నాయి. అయినా ఆపలేదు. నేనూ కూర్చున్నాను. తర్వాత చంద్రకాంతమ్మ కూర్చుంది. గుట్ట అయిపోయేదాకా ఎవరూ లేవలేదు.

చివరి కాయ పెట్టాక వాడే లేచి, పట్టా దులిపి, నేరుగా వెళ్లి మా కారులో కూర్చున్నాడు. బయలుదేరే ముందు చంద్రకాంతమ్మ అద్దం దగ్గరకు వచ్చి నాయనను అడిగింది.

“మళ్లా పిల్చుకొస్తారా సామీ?”

నాయన వెనక్కి తిరిగి వాణ్ని చూశారు. “వస్తామమ్మా,” అన్నారు.

ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వాడు సరిగా తినడం లేదు. పొద్దున లేచి గేటు దాకా వెళ్లి నిలబడుతున్నాడు. ఇదివరకైతే తాళం వేసేదాన్ని. ఇప్పుడు వెయ్యబుద్ధి కావడం లేదు, తీసి పెట్టాలన్నా భయమే. వచ్చే ఆదివారం వాణ్ని మళ్లీ మండీకి తీసుకెళుతున్నాం. ఆ తర్వాత ఏం చెయ్యాలో మాకూ తెలియదు, వాణ్ని చూసి తెలుసుకోవాలి.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు ప్రసన్నా. అబద్ధం ఎందుకు చెప్పను? కానీ నువ్వు పుత్తూరుకు వచ్చేస్తే అక్కడ నిన్ను ఎక్కించుకుంటాం. రా. వాడి పక్కన పట్టా మీద కూర్చుందువుగాని. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు, వినాల్సిన పనీ లేదు.

పద్మ